క్యాన్సరు రోగి వివరములు: చేతివ్రాత నుండి చేతిఫోను వరకు

జగ్గయ్యపేట పట్టణము చెంత ధనంబోడు అను గుట్టపై ప్రాచీనమైన బౌద్ధస్తూప మొకటి కలదు. జేమ్స్ బర్జెస్ 1882 లో దీనిని త్రవ్వించి పరిశీలించెను. ఇచ్చటి స్తంభములపై ప్రాకృత భాషలో శాసనమున్నది. ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున, అనగా క్రీ.శ. మూడవ శతాబ్దిలో, సిద్ధార్థుడను శిల్పి ఐదు ఆయక స్తంభములను నెలకొల్పెనని ఆ శాసనము తెలుపుచున్నది. ఆతడెవరి కుమారుడో, ఏ ఊరివాడో, ఇంటివారెవరో కూడ అందు చెక్కియున్నది. పదునేడు వందల ఏండ్లు గడచిన తరువాత కూడ ఇతనిని వేరొక సిద్ధార్థునిగా పొరబడుటకు వీలులేదు. ఎవరు, ఎవరి బిడ్డ, ఏ ఊరు, ఏ సంవత్సరము అను నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పగల వ్రాత చిరకాలము ఉపయోగపడును.

ఈ చిన్న సంగతియే నేటి ఆసుపత్రులలో, అందునను క్యాన్సరు చికిత్సలో, ప్రాణముల మీది సంగతి అగుచున్నది.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు పూర్వపు కృష్ణాజిల్లాకు మెట్టభాగము. 2022 ఏప్రిలు నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. విజయవాడ, హైదరాబాదు నగరములను కలుపు పెద్దరహదారి ఈ ప్రాంతము మీదుగా పోవుచున్నది. ఇచ్చటి రైతొకనికి నోటిలో పుండు లేచి నెలరోజులైనను మానలేదనుకొందము. మొదట ఊరిలో మందు తెచ్చుకొనును. పిమ్మట నందిగామలోనో, జగ్గయ్యపేటలోనో వైద్యునికి చూపును. ఆ వైద్యుడు అనుమానపడి విజయవాడకు పంపును. అచ్చట పుండు అంచున చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదురు. స్కానింగు మరొక చోట జరుగును. శస్త్రచికిత్స గుంటూరులోనో, హైదరాబాదులోనో జరుగవచ్చును. ప్రతిచోట ఒక చీటీ, ఒక నంబరు, ఒక కాగితము పుట్టును. ఇవన్నియు చేరు చోటు రోగి చేతిలోని ప్లాస్టిక్ సంచి ఒక్కటియే. ఆ సంచి పోయిననాడు వ్యాధి చరిత్రయు పోయినట్లే.

ఈ కాగితములను ఒక్కచోట కూర్చవలెనను ప్రయత్నమునకు చాల చరిత్ర కలదు. అందు తెలుగు దేశమునకు సంబంధించిన ఘట్టములు ముఖ్యమైనవి.

వైద్యుని కన్ను, సూక్ష్మదర్శిని కన్ను

క్యాన్సరును గూర్చిన సమాచారము రెండు విధములు. వైద్యుడు రోగిని అడిగి, చూచి, తాకి తెలిసికొనునది మొదటిది: వయస్సు, అలవాట్లు, గడ్డ పరిమాణము, మెడలో బిళ్లలున్నవా లేవా, ఏ మందిచ్చిరి, రోగి ఎట్లున్నాడు అను వివరములు. ప్రయోగశాల తెలుపునది రెండవది: ముక్కను పలుచగా కోసి రంగువేసి సూక్ష్మదర్శినిలో చూచినపుడు జీవకణములు ఎట్లున్నవి, వాటిపై ఏ ప్రోటీనులున్నవి, జన్యువులలో ఏ మార్పు వచ్చినది అను వివరములు. మొదటిది వార్డులోని కేసుషీటులో ఉండును. రెండవది పాథాలజీ విభాగపు రిజిస్టరులో ఉండును. ఈ రెండు పుస్తకములు చాలకాలము వేరువేరు గదులలో, వేరువేరు నంబర్లతో పెరిగినవి.

చాల వ్యాధులలో ఇట్లు వేరుగా ఉన్నను పెద్ద చిక్కు రాదు. చలిజ్వరము వచ్చినవానికి రక్తపరీక్షలో మలేరియా కనబడినచో మందిచ్చుటతో పని తీరును. క్యాన్సరు అట్టిది కాదు. పైకి ఒకే తీరుగా కనబడు రెండు గడ్డలు లోపల వేరు జాతులవి కావచ్చును. 1960 లో అమెరికాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ అను శాస్త్రజ్ఞులు ఒక రకపు రక్తక్యాన్సరు కణములలో అసాధారణముగా చిన్నదైన క్రోమోజోమును కనుగొనిరి. వారు పనిచేసిన నగరమును బట్టి దానికి ఫిలడెల్ఫియా క్రోమోజోమని పేరు వచ్చెను. ఆ మార్పునకు గురిపెట్టిన ఇమాటినిబ్ అను మందు 2001 లో వాడుకలోనికి వచ్చెను. రొమ్ముక్యాన్సరులో ఈస్ట్రోజను హార్మోనును పట్టుకొను గ్రాహకము కణములలో ఉన్నదా లేదా అనుదానిని బట్టి టామాక్సిఫెన్ వంటి మందులు పనిచేయుటయు, చేయకపోవుటయు జరుగును. హెర్-2 అను ప్రోటీను అధికముగానున్న గడ్డలకు ట్రాస్టుజుమాబ్ అను మందు 1998 లో అమెరికాలో అనుమతి పొందెను. ఆ ప్రోటీను లేనివారికి ఈ మందు వలన ఖర్చును, హానియు తప్ప లాభము లేదు.

కాబట్టి క్యాన్సరు వైద్యునకు రెండు పుస్తకములును ఒకేసారి కండ్లయెదుట ఉండవలెను. ఒక పుట చదివి రెండవ పుటను ఊహించుకొన్నచో మందు తప్పును.

శ్రీకాకుళము నేర్పిన పాఠము

ఈ రెండు పుస్తకములను ఒకచోటికి తెచ్చిన తొలి ప్రయత్నములలో కొన్ని తెలుగు సముద్రతీరమున జరిగినవి. దానికి కారణము చుట్ట. ఉత్తర కోస్తా జిల్లాలలో కొందరు, ముఖ్యముగా స్త్రీలు, నిప్పు అంటించిన కొసను నోటిలోపల ఉంచుకొని చుట్ట కాల్చెడి అలవాటు కలవారు. దీనిని అడ్డపొగ అందురు. ఇట్లు కాల్చునపుడు వేడియు, పొగయు నేరుగా అంగిలికి తగులును.

విశాఖపట్టణపు వైద్యులు ఎం.జి. కిణి, కె.వి. సుబ్బారావు 1937 లో 'ఇండియన్ మెడికల్ గెజెట్' పత్రికలో క్యాన్సరు సమస్యను గూర్చి వ్యాసము ప్రకటించిరి. లోకమున మరెచ్చటను అంతగా కానరాని అంగిలి క్యాన్సరు ఈ ప్రాంతపు రోగులలో అధికముగా ఉండుట వైద్యుల దృష్టిని ఆకర్షించెను. బొంబాయిలో 1941 లో ప్రారంభమైన టాటా స్మారక ఆసుపత్రిలో పాథాలజీ శాస్త్రజ్ఞుడగు వి.ఆర్. ఖనోల్కర్, తన సహచరురాలగు సూర్యాబాయితో కలసి, ప్రజల అలవాట్లకును క్యాన్సరు రకములకును గల సంబంధమును 1945 లో వివరించెను. అడ్డపొగ వలని అంగిలి క్యాన్సరు వాటిలో ఒకటి.

ఈ పరిశీలనలన్నియు ఆసుపత్రికి వచ్చిన రోగులను బట్టి చేసినవి. ఆసుపత్రికి రానివారి సంగతి యేమి? అలవాటున్నవారిలో ఎందరికి అంగిలి మారినది? మారినవారిలో ఎందరికి క్యాన్సరు వచ్చినది? దీనిని తెలిసికొనుటకు రోగి కొరకు ఆసుపత్రిలో కూర్చుండిన చాలదు, ఊరికి పోవలెను. బొంబాయిలోని టాటా మూలపరిశోధనా సంస్థకు చెందిన ఫలీ మెహతా, పి.సి. గుప్తా మొదలగువారును, డెన్మార్కు దేశపు జె.జె. పిండ్‌బోర్గ్ అను నోటివ్యాధుల శాస్త్రజ్ఞుడును కలసి శ్రీకాకుళము జిల్లాలో ఇంటింటికి తిరిగి 10,169 మంది గ్రామస్థులను పరీక్షించిన ఫలితములను 1971 లో ప్రకటించిరి. ప్రతి మనిషిని పొగాకు అలవాటును గూర్చి అడిగిరి. నోరు తెరపించి అంగిలిని చూచిరి. తెల్లమచ్చలు, ఎర్రని భాగములు, పుండ్లు మొదలగువానిని వేరువేరుగా గుర్తించిరి. కణజాలపు ముక్కలను సూక్ష్మదర్శినిలో పరీక్షించిరి.

ఇట్టి పనిలో శాస్త్రమెంత ముఖ్యమో గుమాస్తాపని అంత ముఖ్యము. గడపవద్ద వ్రాసిన కాగితము మీది మనిషియు, ప్రయోగశాలకు చేరిన గాజుపలక మీది కణజాలమును ఒకరివేయని ఋజువుండవలెను. వేలమందిలో ఒక పది పలకలు తారుమారైనను అలవాటునకును వ్యాధికిని గల సంబంధము మసకబారును.

అటుపై 1970వ దశకములో కేరళలోని ఎర్నాకుళము, గుజరాతులోని భావనగరు, ఆంధ్రప్రదేశములోని శ్రీకాకుళము జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడుకరులను ఎన్నుకొని, ఏటేట వారి నోటిని పరీక్షించుచు, అలవాటు మానుడని బోధించుచు ఒక పెద్ద అధ్యయనము సాగెను. బోధన వలన అలవాటు మానినవారును, తగ్గించుకొన్నవారును పెరిగిరనియు, నోటిలోని ముందస్తు మార్పులు తగ్గుటకు అది తోడ్పడెననియు 1986 లో 'లాన్సెట్' పత్రికలో తెలిపిరి. ఒకే మనిషి యొద్దకు మరల మరల పోయి, క్రిందటి ఏటి కాగితముతో ఈ ఏటి కాగితమును పోల్చగలుగుటయే ఆ అధ్యయనమునకు ప్రాణము. చేతిఫోనులు లేని ఆ దినములలో ఈ పనియంతయు కాగితము, కలము, కాలినడకలతో జరిగెను. నేటి యంత్రములు చేయుచున్న పనికి మాతృక అదియే.

వ్యాధికి ఒక ఉమ్మడి భాష

ఇద్దరు వ్రాసిన దానిని కలుపవలెనన్నచో ఇద్దరును ఒకే భాషలో వ్రాయవలెను. ఒకరు "గడ్డ కొంచెము పెద్దది" అనియు, మరొకరు "నిమ్మకాయంత" అనియు వ్రాసినచో లెక్క కుదరదు. ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు పియరీ దెన్వా 1940వ దశకములో దీనికొక ఉపాయము పన్నెను. గడ్డ పరిమాణమునకు టి, సమీపపు లసికా గ్రంథులకు, అనగా వాడుకలోని బిళ్లలకు, ఎన్, దూరపు అవయవములకు ప్రాకుటకు ఎమ్ అను మూడు అక్షరములను ఏర్పరచి, ప్రతిదాని ప్రక్క ఒక అంకె వేయవలెనని నిర్ణయించెను. ఈ టి.ఎన్.ఎమ్. పద్ధతిని అంతర్జాతీయ క్యాన్సరు సంఘము స్వీకరించి 1968 లో పుస్తకముగా వెలువరించెను. ఇది వైద్యుని కన్ను చూచినదానికి భాష.

సూక్ష్మదర్శిని చూచినదానికి ప్రపంచ ఆరోగ్యసంస్థ 1976 లో మరొక భాష నిచ్చెను. అది క్యాన్సరులకు ప్రత్యేకించిన అంతర్జాతీయ వర్గీకరణము. అందు ప్రతి క్యాన్సరుకు రెండు సంకేతములుండును. గడ్డ ఏ అవయవములో ఉన్నదో మొదటిది చెప్పును. కణములు ఏ జాతివో రెండవది చెప్పును. నేటి ముద్రణ ప్రకారము గట్టి అంగిలికి సంకేతము సి 05.0. పొలుసుకణముల క్యాన్సరుకు సంకేతము 8070/3. గీటు తరువాతి అంకె గడ్డ స్వభావమును తెలుపును: 0 అనగా అపాయము లేనిది, 1 అనగా తేల్చి చెప్పరానిది, 2 అనగా పుట్టినచోటనే నిలచియున్నది, 3 అనగా చుట్టుప్రక్కలకు చొచ్చుకొనిపోవునది. శ్రీకాకుళములోని ఒక ముదుసలి స్త్రీ అంగిలిలోని వ్యాధిని ఈ రెండు సంకేతములతో వ్రాసినచో కోపెన్‌హేగను నగరములోని వైద్యుడును, హైదరాబాదులోని వైద్యుడును ఒకే అర్థమును గ్రహింతురు. యంత్రమును అంతే.

డెన్మార్కు సంఖ్య, మన పేర్ల చిక్కు

భాష కుదిరిన తరువాత మనిషిని గుర్తించుట మిగిలెను. డెన్మార్కు దేశము 1942 లో తన దేశమంతటికి క్యాన్సరు రిజిస్ట్రీని ప్రారంభించెను. 1968 లో ఆ దేశము ప్రతి పౌరునికి ఒక సంఖ్యను కేటాయించెను. అంతటితో ఆసుపత్రి కాగితము, పాథాలజీ నివేదిక, మరణ నమోదు ఒక్క సంఖ్య క్రిందికి చేరుట సులభమయ్యెను.

మన దేశమున జనసంఖ్యపై ఆధారపడిన మొదటి క్యాన్సరు రిజిస్ట్రీ బొంబాయిలో 1963 లో భారత క్యాన్సరు సంఘము ఆధ్వర్యమున ఆరంభమయ్యెను. భారత వైద్య పరిశోధనా మండలి జాతీయ క్యాన్సరు రిజిస్ట్రీ కార్యక్రమమును నెలకొల్పగా, 1982 నుండి బొంబాయి, బెంగుళూరు, మద్రాసు నగరములలో ఒకే పద్ధతిపై నమోదు సాగెను. రిజిస్ట్రీ ఉద్యోగులు ఆసుపత్రి ఆసుపత్రికి, ప్రయోగశాల ప్రయోగశాలకు, పురపాలక మరణ నమోదు కార్యాలయమునకు తిరిగి ఫారములు నింపుదురు. ఒకే రోగి మూడు చోట్ల కనబడును; మూడు మారులు లెక్కించిన వ్యాధి మూడింతలుగా తోచును. కనుక ఆ మూడు కాగితములు ఒకనివేయని పోల్చుకొనవలెను.

తెలుగువారి విషయములో ఈ పోలిక ఎంత కష్టమో ఉపాధ్యాయులకు హాజరుపట్టీ అనుభవము వలన తెలియును. వేంకటేశ్వరరావు అను పేరు ఇంగ్లీషులో నాలుగైదు విధముల వ్రాయబడును. ఒకచోట ఇంటిపేరు ముందు పొడి అక్షరముగా ఉండును. మరొకచోట పూర్తిగా వెనుక వచ్చును. స్త్రీలకు పెండ్లితో ఇంటిపేరు మారవచ్చును. వయస్సును చాలమంది ఉజ్జాయింపుగా చెప్పుదురు: ఒక ఆసుపత్రిలో 50, మరొక ఆసుపత్రిలో 55. ఊరి పేరడిగినచో ఒకరు గ్రామమును, ఒకరు మండలమును, ఒకరు దగ్గరి పట్టణమును చెప్పుదురు. జగ్గయ్యపేట అని వ్రాసిన పది కాగితములలో పట్టణవాసి ఎవరో, చుట్టుప్రక్కల పల్లెవాడెవరో తేలదు.

2001-02 సంవత్సరములలో మండలి మరొక మార్గము త్రొక్కెను. ముక్కపరీక్ష జరుగు వైద్యకళాశాలల పాథాలజీ విభాగములనే ఆధారము చేసికొని, రోగి నివాస జిల్లాతో సహా కొద్దిపాటి వివరములను ఇంటర్నెట్టు ద్వారా పంపించుకొని, భారతదేశపు క్యాన్సరు పటమును తయారుచేయించెను. దేశమంతట నూరు దాటిన కేంద్రములు ఇందు పాల్గొనెను. జీవసంబంధమైన సమాచారమును రోగి ఊరితో ముడిపెట్టి దూరమునుండి యంత్రములో చేర్చుట మన దేశమున ఇంత విరివిగా జరుగుట ఒక మేలుమలుపు. కాలక్రమమున రిజిస్ట్రీల సంఖ్య పెరిగెను. 2020 లో వెలువడిన జాతీయ నివేదికలో హైదరాబాదు జిల్లా లెక్కలు కూడ చేరినవి.

ఆరోగ్యశ్రీ కంప్యూటరు

రిజిస్ట్రీ లెక్క కొరకు పుట్టినది. రోగి చికిత్సకు నేరుగా తోడ్పడదు. వార్డులోని కాగితమును, ప్రయోగశాల కాగితమును చికిత్స జరుగుచున్నపుడే ఒకచోట చేర్చిన ఘట్టము మన రాష్ట్రమున వేరొక అవసరము వలన వచ్చెను. ఆ అవసరము డబ్బు.

2007 ఏప్రిలు 1న అప్పటి ఆంధ్రప్రదేశములోని మహబూబ్‌నగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకము ప్రారంభమై, 2008 లో రాష్ట్రమంతటికి వ్యాపించెను. తెల్ల రేషనుకార్డు గల కుటుంబములకు ఖర్చుతో కూడిన పెద్దచికిత్సలు ఉచితముగా చేయించుట దీని ఉద్దేశము. క్యాన్సరుకు శస్త్రచికిత్స, మందుల చికిత్స, కిరణచికిత్స మూడును ఇందు చేరినవి. ఆసుపత్రి చికిత్స మొదలుపెట్టుటకు ముందు ట్రస్టు అనుమతి పొందవలెను. అందుకొరకు రోగి వివరములు, వైద్యుని పరీక్ష, స్కానింగు, ముక్కపరీక్ష నివేదిక మున్నగువానిని కంప్యూటరు ద్వారా పంపవలెను. హైదరాబాదులోని ట్రస్టు వైద్యులు వాటిని చూచి అనుమతించెడివారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అను ఉద్యోగి రోగికి తోడుండి ఈ కాగితముల పనిని చూచును.

బిల్లు చెల్లింపు కొరకు ఏర్పడిన ఈ పద్ధతిలో వైద్యుని వ్రాతయు, పాథాలజీ నివేదికయు ఒకే కేసునంబరు క్రింద చేరెను. అయితే దీనికి హద్దులు గలవు. నివేదిక చాలవరకు కాగితపు ఛాయాచిత్రముగానే యంత్రములో చేరును. దానిని మనిషి చదువగలడుగాని యంత్రము లెక్కింపలేదు. చికిత్స ముగిసి బిల్లు తీరినతోడనే కేసు మూతపడును. మూడేండ్ల తరువాత రోగి ఎట్లున్నాడో ఆ నంబరు చెప్పలేదు. 2014 లో రాష్ట్రవిభజన జరిగిన పిమ్మట రెండు రాష్ట్రములలోను పథకము వేరువేరుగా సాగుచున్నది, పేర్లును మారినవి. మెట్టప్రాంతపు రోగి హైదరాబాదుకు పోవుట మాత్రము మారలేదు.

చేతికి వచ్చిన యంత్రము

ఈ లోపల యంత్రము బల్ల మీదినుండి చేతిలోనికి వచ్చెను. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయములో 2004 లో రెడ్‌క్యాప్ అను సమాచార సేకరణ పద్ధతి ఆరంభమయ్యెను. కంప్యూటరు నేర్చినవాని సాయము లేకయే వైద్యుడు తన ప్రశ్నావళిని తానే తయారుచేసికొనుటకు ఇది వీలు కల్పించెను. తరువాత దానికి ఫోనులో పనిచేయు రూపమును వచ్చెను. గడ్డల జన్యుమార్పులను రోగి చరిత్రతో ప్రక్కప్రక్కన పెట్టి చూపు సిబయోపోర్టల్ అను సాధనమును న్యూయార్కులోని స్లోన్ కెటరింగ్ క్యాన్సరు కేంద్రమువారు 2012 లో ప్రకటించిరి.

పొరుగున కర్ణాటకములో బయోకాన్ ఫౌండేషనువారును, దంతవైద్యులును కలసి, ఆరోగ్యకార్యకర్తలు ఫోనుతో రోగి నోటి చిత్రమును తీసి, ప్రశ్నలకు జవాబులను చేర్చి, దూరముననున్న నిపుణునికి పంపు పద్ధతిని పరీక్షించి 2015 లో ఫలితములను ప్రకటించిరి. శ్రీకాకుళములో నాడు శాస్త్రజ్ఞుడే గడపకు పోయెను. ఇచ్చట గడపవద్ద చిత్రమే శాస్త్రజ్ఞుని యొద్దకు పోయెను.

మన రాష్ట్రమున 2016 లో ఏ.ఎన్.ఎం.ల చేతికి అన్‌మోల్ అను పేరుగల అనువర్తనముతో ట్యాబులు వచ్చినవి. అవి తల్లీబిడ్డల సేవల కొరకు ఉద్దేశించినవి. అయినను గడపవద్దనే నమోదు చేయు అలవాటు వాటితో బలపడెను. 2018 నుండి దేశమందు 30 ఏండ్లు దాటినవారిని మధుమేహము, రక్తపుపోటులతోపాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సరుల కొరకు పరీక్షించి, ఫలితములను ట్యాబులో చేర్చు పద్ధతి అమలులోనికి వచ్చెను. ఆశా కార్యకర్త మొదట ఇంటివద్ద ప్రశ్నావళిని నింపును; ఏ.ఎన్.ఎం. పరీక్షించును, అనుమానమున్నవారిని పై ఆసుపత్రికి పంపుదురు.

ఇట్టి సాధనము పనిచేయు తీరును నాలుగు మెట్లుగా గ్రహింపవచ్చును. మొదటిది ప్రశ్నావళి: జవాబులను ఇష్టము వచ్చినట్లు వ్రాయనీయక, ఉన్నవానిలో ఒకటి ఎన్నుకొనజేయును. వయస్సు 500 అని పొరబాటున వ్రాసినచో ఒప్పుకొనదు. రెండవది నిలువ: ఊరిలో సిగ్నలు లేకున్నను వివరములు ఫోనులోనే భద్రముగా ఉండును, సిగ్నలు దొరకినపుడు కేంద్రములోని కంప్యూటరుకు చేరును. మూడవది గుర్తు: రోగికి ఒక సంఖ్య. ముక్కపరీక్షకు పంపు సీసాపై ఆ సంఖ్యనే గీతల గుర్తుగా అంటించినచో ప్రయోగశాలలోని యంత్రము దానిని చదివి ఫలితమును అదే సంఖ్య క్రింద చేర్చును. నాలుగవది ఉమ్మడి సంకేతములు: టి.ఎన్.ఎమ్., క్యాన్సరు వర్గీకరణము మొదలగువాని వలన ఒక ఆసుపత్రి యంత్రము మరొక ఆసుపత్రి యంత్రముతో మాటాడగలుగును. క్యాన్సరు రోగిని గూర్చి ప్రతి ఆసుపత్రియు తప్పక నమోదు చేయవలసిన కనీస వివరముల పట్టిక యొకటి ఎమ్‌కోడ్ అను పేర 2019 లో అమెరికాలో సిద్ధమయ్యెను.

మూడవ మెట్టునకు మన దేశము 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషను ద్వారా 14 అంకెల ఆరోగ్యసంఖ్యను దేశమంతటికి తెచ్చెను. రోగి అంగీకరించినచో వేరువేరు ఆసుపత్రుల కాగితములు ఆ సంఖ్య ద్వారా ఒకచోట కనబడును. డెన్మార్కు 1968 లో చేసినదానికి పోలిక ఇందున్నది. అయితే ఇచ్చట రోగి సమ్మతి ప్రధానమైన షరతు.

కలుపుటలోని ప్రమాదము

సమాచారమును కలుపుట వలన మేలెంతయో, తప్పుగా కలుపుట వలన కీడంత. కాగితము లేనపుడు వైద్యుడు మరల పరీక్ష చేయించును; ఇతరుని కాగితము తనదిగా చేరినపుడు పరీక్ష చేయించడు. హెర్-2 లేని స్త్రీ వివరములలో అదున్నట్లు చేరినచో నెలల తరబడి వృథా చికిత్స జరుగును. అదున్న స్త్రీకి లేనట్లు చేరినచో ప్రాణమును నిలుపగల మందు అందదు. అందువలననే మంచి పద్ధతులలో సంఖ్య ఒక్కటి సరిపోయిన చాలదు. పేరు, పుట్టిన సంవత్సరము, ఊరు కూడ సరిచూడవలెనను నియమముండును.

రెండవ ప్రమాదము రహస్యము బయటపడుట. క్యాన్సరు ఉన్నదని ఊరికి తెలిసినచో పెండ్లి సంబంధములకు, ఉద్యోగములకు చిక్కు కలుగునని భయపడు కుటుంబములు ఇప్పటికిని గలవు. జన్యుపరీక్ష రోగిని గూర్చియే కాక ఆతని తోబుట్టువులను, బిడ్డలను గూర్చియు కొంత చెప్పును. పోయిన కాగితము ఒకరి చేతికి చిక్కును. పోయిన ఫోను వేలమంది వివరములతో చిక్కును. కనుక ఫోనులోని సమాచారము రహస్యలిపిలో ఉండవలెను. కేంద్రమునకు చేరిన పిదప ఫోనునుండి తొలగిపోవలెను. ఎవరు ఎప్పుడు చూచిరో నమోదు కావలెను. 2023 లో భారత పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణచట్టమును ఆమోదించెను.

మూడవది అన్నిటికంటె సామాన్యమైనది: నింపిన తరువాత ఎవరును వెంట పోకపోవుట. ట్యాబులో "అనుమానము" అని నొక్కుట పరీక్ష కాదు. పరీక్ష చికిత్స కాదు. నోటిలో తెల్లమచ్చ యున్నదని నమోదైన మనిషి పై ఆసుపత్రికి పోయెనా, ముక్కపరీక్ష జరిగెనా, ఫలితము ఆశా కార్యకర్తకు తిరిగి తెలిసెనా అను మూడు ప్రశ్నలకు జవాబు లేనిచో యంత్రము లెక్కలను పెంచునుగాని రోగిని కాపాడదు. శ్రీకాకుళపు అధ్యయనము ఫలించుటకు కారణము పరికరము కాదు. ఏటేట అదే గడపకు తిరిగి వచ్చిన మనుష్యులు.

పాఠశాలలో చెప్పదగినది

ఉన్నత పాఠశాలలలో ఈ విషయమును రెండు విధముల బోధింపవచ్చును. జీవశాస్త్రపు తరగతిలో కణవిభజనమును చెప్పునపుడు, ఒకే అవయవములోని క్యాన్సరులు వేరు జాతులుగా ఉండవచ్చుననియు, ముక్కపరీక్ష వలన క్యాన్సరు వ్యాపించునను లోకవాదమునకు భయపడి పరీక్ష మానుకొనరాదనియు చెప్పవలెను. గణితపు తరగతిలో తరగతివారి పేర్లను మూడు జాబితాలలో మూడు విధముల వ్రాసి, ఎవరెవరో పోల్చుకొమ్మన్నచో రిజిస్ట్రీ పని యెంత కష్టమో విద్యార్థులకే బోధపడును. ఒక్కొక్కరికి ఒక సంఖ్య నిచ్చి మరల పోల్చుమన్నచో తేడా తెలియును.

ఇంటివద్ద చేయదగినదియు కలదు. ముక్కపరీక్ష నివేదికపై ఒక నంబరుండును. ప్రయోగశాలలో మైనములో భద్రపరచిన కణజాలపు దిమ్మకు, దానినుండి కోసిన గాజుపలకలకు అదియే గుర్తు. ఆ దిమ్మ ఏండ్ల తరబడి చెడక నిలుచును. క్రొత్త పరీక్ష అవసరమైనపుడు రోగిని మరల కోయనక్కరలేకుండ దానిమీదనే చేయవచ్చును. చాల కుటుంబములు స్కానింగు ఫిలిములను జాగ్రత్త చేసి ఈ చిన్న కాగితమును పారవేయుచున్నవి. పెద్దవారికి చదువు రాని ఇండ్లలో ఈ నివేదికను ఫోనులో చిత్రము తీసి ఉంచుట, ప్రతి ఆసుపత్రిలోను ఒకే పేరు, ఒకే వయస్సు, ఒకే ఊరు వ్రాయించుట, ఆరోగ్యసంఖ్య ఉన్నచో చెప్పుట పదవ తరగతి విద్యార్థి చేయగల పనులు. రెండు మూడు వారములకు మించి మానని నోటిపుండు ఇంట ఎవరికైన ఉన్నచో, ఆశా కార్యకర్త ట్యాబుతో వచ్చువరకు వేచియుండక, వైద్యునికి చూపవలెను.